సున్నా మీద నిలబడ్డ మనిషి

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు కాటా స్టేడియం గేటు దాటాడు. ఐదింటికి జట్టు జాబితా మూసేస్తారు. అంటే చేతిలో ఉన్నది నూటపది నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు గేటు దగ్గర సంచి వెతకడంలోనే పోయాయి. సంచిలో ఒక డైరీ, ఒక భూతద్దం, కిలో బరువున్న ఇత్తడి తూకపురాయి, ఇళ్లల్లో బరువు చూసుకునే వెయింగ్ మిషన్ ఉన్నాయి. మిషన్ ఉండగా మళ్లీ రాయెందుకని కాపలావాడు అడిగితే, ఏ మిషన్‌నీ నమ్మకూడదు కాబట్టి అని చెప్పాడు. కాపలావాడికి ఏమీ అర్థం కాలేదు గాని, రాయి ముచ్చటగా ఉందని రెండుసార్లు చేత్తో ఎగరేసి చూసి తిరిగి ఇచ్చేశాడు.

కాటాకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. కానీ ఇరవై ఎనిమిదేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, కనిపించిన ప్రతి దుకాణం తక్కెడనీ తిరగేసి బోర్లేసి చూసిన మనిషిని జనం కాటా అనే పిలిచారు, అదే ఖాయమైపోయింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక వంటింట్లో డబ్బాలు తూచి తూచి భార్య చేత చీవాట్లు తిన్నాడు. చివరికి వీధి గదికి ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు తగిలించాడు. ఇప్పటిదాకా ఆయన పట్టుకున్నవి రెండు సైకిళ్లు, ఒక మామగారు. ఆ మామగారు కూడా తప్పిపోలేదు, అల్లుడి సంగీత సాధన భరించలేక దాక్కున్నాడు.

ఈ కేసు మాత్రం ఇంటి కేసు. సాక్షాత్తూ అక్క కూతురి కేసు.

మేనకోడలు ఆస్పత్రిలో నర్సు, కాళ్ల వార్డులో. డ్యూటీకి ముందు రెండు గంటలు, డ్యూటీ దిగాక గంటన్నర, ఎనిమిదేళ్లుగా పోటీ నడక సాధన చేస్తోంది. ఆ నడక చూసేవాళ్లకి నవ్వొస్తుంది, నడిచేవాళ్లకి ప్రాణం పోతుంది. అందులో తప్పకూడని నియమం ఒకటుంది. ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలి. రెండూ గాల్లో ఉంటే అది నడక కాదు, పరుగు. ఇవాళ పొద్దున ఆరున్నరకు జట్టు ఎంపిక కోసం పది కిలోమీటర్ల పోటీ పెట్టారు. మేనకోడలు అందరికంటే అర నిమిషం ముందు వచ్చింది. వచ్చిన గంటకల్లా ఆమె పరుగెత్తిందని తేల్చేశారు.

తేల్చింది మనిషి కాదు, బూట్లో వేసే మెత్త. మేనకోడలి వార్డులోనే పెద్ద డాక్టరమ్మ ఒకావిడ షుగర్ ముదిరి పాదాల్లో స్పర్శ పోయిన రోగుల కోసం దాన్ని కనిపెట్టింది. వాళ్లకు కాలికింద రాయి పడినా తెలియదు, పుండు లేచినా తెలియదు. పాదానికి తెలియని సంగతి ఆ మెత్త చెబుతుంది, ఎక్కడ ఎంత బరువు పడుతోందో గడిగడికీ లెక్కకట్టి నడుముకి తగిలించిన చిన్న పెట్టెలో రాస్తుంది. పాదం ఎప్పుడు నేల వదిలిందో కూడా దానికి తెలుసు కాబట్టి నడక పోటీలో జడ్జీల కళ్ల బదులు దాన్ని వాడి చూద్దామనుకున్నారు. ఐదుగురు పోటీదారుల్లో నలుగురికి ఒకటీ రెండూ తప్పులొచ్చాయి. మేనకోడలికి తొమ్మిది వేల మూడు వందల పన్నెండు వచ్చాయి. అంటే దాదాపు వేసిన ప్రతి అడుగూ. ఆ లెక్కన ఆ పిల్ల పొద్దున నడవనూ లేదు, పరుగెత్తనూ లేదు, ఎగిరింది.

ఇది పొరపాటు కాదు, మోసం అని రిపోర్టు రాశారు. జట్టులోంచి తొలగింపు, రెండేళ్ల నిషేధం. ఇరవై తొమ్మిదేళ్ల పిల్లకి రెండేళ్లంటే ఇక ఆట లేనట్టే. రిపోర్టు రాసిన టెక్నికల్ ఆఫీసరే ఐదింటిలోగా దాన్ని వెనక్కి తీసుకుంటే తప్ప వేరే దారి లేదు. అక్క ఫోన్లో ఏడ్చింది. మేనకోడలు ఏడవలేదు. "మామయ్యా, నేను నడిచాను. నా కాళ్ల సంగతి నాకు తెలుసు" అని మాత్రం అంది. ఆ మాటకి కాటా మధ్యాహ్నం కునుకు మానేసి బయల్దేరాడు. పదేళ్లలో ఆయన కునుకు మానడం ఇదే మొదలు.

సామాన్ల గది స్టేడియం కింది అంతస్తులో ఉంది. లోపల జిమ్నాస్టిక్స్ పరుపులు పరిచి ఉంటాయి కాబట్టి ఎంతటివాళ్లయినా చెప్పులూ బూట్లూ గుమ్మం దగ్గర విడవాలి. కాటా విడిచి లోపలికి వెళ్లేసరికి డాక్టరమ్మ మేనకోడలి మెత్తలు రెండూ బల్ల మీద పెట్టుకుని, బిడ్డకి జబ్బు చేసిన తల్లిలా చూస్తూ కూర్చుంది. సన్నగా, చిన్నగా ఉంటుందావిడ. మెత్తల్లో ఏ లోపమూ లేదని, తనే అన్నీ పరీక్షించానని, అలాగని ఆ అమ్మాయి మోసం చేసిందంటే కూడా నమ్మలేకపోతున్నానని చెప్పింది.

కాటా పెట్టె అద్దం మీద అంకె చూశాడు. సున్నా. మెత్తల మీద ఏమీ లేదు, సున్నా చూపిస్తోంది. సవ్యంగానే ఉంది. అయినా ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు ఊరుకోనివ్వదు కదా. సంచిలోంచి ఇత్తడి రాయి తీసి ఎడమ మెత్త మీద పెట్టాడు. సున్నా. కుడి మెత్త మీద పెట్టాడు. సున్నా.

"కిలో రాయి పెడితే సున్నా చూపించే తక్కెడని నేను ఇప్పుడే చూస్తున్నానండీ," అన్నాడు.

డాక్టరమ్మ గబగబా లాప్‌టాప్ తెరిచి పెట్టె లోపలి లెక్కలు బయటికి లాగింది. సున్నా కంటే తక్కువ వచ్చిందేదైనా పెట్టె అద్దం మీద సున్నాగానే కనిపిస్తుందట. లోపల చూస్తే ఖాళీ ఎడమ మెత్త మైనస్ ముప్పై ఏడు కిలోల వంద గ్రాములు, ఖాళీ కుడి మెత్త మైనస్ ముప్పై నాలుగు కిలోల మూడు వందల గ్రాములు.

కాటా కళ్లు మెరిశాయి. గిన్నెలో నూనె పోసి తూచేటప్పుడు దుకాణదారు ముందు ఖాళీ గిన్నె పెట్టి మీట నొక్కుతాడు. గిన్నె బరువు పోయి సున్నా అవుతుంది, తర్వాత పోసిన నూనె మాత్రమే తూగుతుంది. ఇక్కడ గిన్నె బదులు ఎవరో మనిషి నిలబడి మీట నొక్కాడు. అప్పటి నుంచి ఆ మెత్తలకు ఆ మనిషి బరువే సున్నా. మేనకోడలు యాభై రెండు కిలోలు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చే ప్రతి క్షణం, రెండు మెత్తల మీదా చెరి సగం పడినప్పుడు, ఆ పిల్ల బరువు చాలక మెత్తలు రెండూ సున్నాకి దిగిపోయాయి. దిగినప్పుడల్లా పెట్టె గాల్లో ఉంది, గాల్లో ఉంది అని రాసుకుంటూ పోయింది.

"అమ్మాయి ఎగరలేదండీ," అన్నాడు కాటా. "డెబ్బై ఒక్క కిలోల నాలుగొందల గ్రాముల మనిషి ఒకడు ఆమె బూట్లో ముందే దిగి ఉన్నాడు."

సున్నా ఎప్పుడు పెట్టారో కూడా పెట్టె రాసుకుంది. ఐదూ నలభైకి ఒకసారి, ఐదూ యాభై రెండుకి ఇంకోసారి. ఐదూ నలభైది డాక్టరమ్మదే. ఐదు జతలనీ కొక్కేలకి వేలాడదీసి, గాల్లో ఉండగా ఒక్కొక్కదానికే సున్నా పెట్టిందట. ఆ తర్వాత బ్యాటరీలు తేవడానికి కారు దగ్గరికి వెళ్లి ఆరూ ఐదుకి తిరిగొచ్చింది. గదికి తాళం వెయ్యలేదు.  మేనకోడలి నంబరు ఒకటి కాబట్టి గుమ్మంలోంచి వస్తే ముందు చేతికి తగిలేది ఆమె జతే.

మెత్తలో తొంభై ఆరు గడులుంటాయని, ప్రతి గడీ తన సున్నా తను గుర్తుపెట్టుకుంటుందని డాక్టరమ్మ చెప్పి తెర మీద బొమ్మ చూపించింది. రెండు పెద్ద పాదముద్రలు. ఆడవాళ్ల కొలత మెత్త మీద పట్టక వేళ్లు అంచు దాటిపోయాయి. దొంగ సంతకం పెట్టి పోయినట్టే ఉంది. ఒక్కటే వింత. కుడి మడమ కింద ఒక్క గడిలో ఎర్ర చుక్క. ఆ ఒక్క గడి మీదే ఆరు కిలోల బరువు పడింది. గడి పాడైందేమోనని కాటా రాయితో పరీక్షించాడు. గడి బాగానే ఉంది. చుక్క సంగతి డైరీలో రాసుకుని తర్వాత చూద్దామనుకున్నాడు. టైము మూడూ ముప్పై ఎనిమిది.

బయటికి వస్తూ గుమ్మం పక్కన, గది లోపలి గోడ మీద నోటీసు బోర్డు చూశాడు. పోటీదారుల జాబితా, కింద అంటించిన సమయం ఐదూ యాభై, ఆ కింద టెక్నికల్ ఆఫీసరు పొడుగాటి సంతకం.

ఆ టెక్నికల్ ఆఫీసరు పక్క గదిలో తన విచారణ తను నడుపుకుంటున్నాడు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి స్టేడియంలో అందరూ ఆయన్ని ఈల సారు అంటారు. మేనకోడలికి మోసంలో ఎవరు సాయం చేశారో కనిపెట్టడం ఆయన పని. అందుకోసం వేలికి తగిలించే క్లిప్పొకటి తెచ్చుకున్నాడు. ఆస్పత్రుల్లో నాడి చూసే క్లిప్పే అది, అంకె ఫోన్లో కనిపిస్తుంది. అబద్ధం చెబితే నాడి ఎగురుతుందని ఆయన నమ్మకం. మేనకోడలి కోచ్‌కి తగిలించి మీ పేరేంటని అడిగితే ఎనభై నాలుగు కాస్తా నూట పంతొమ్మిదైంది. పాపం ఆ కోచ్ పొట్టిగా గట్టిగా ఉంటాడు గాని, ఈల సారు దగ్గితే పదిహేనేళ్లుగా ఆయనకి దడే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని ఈల సారు అక్కడే తేల్చేశాడు. మేనకోడలికి తగిలిస్తే నలభై ఆరు వచ్చింది. క్లిప్పు పాడైందనుకుని దాన్ని బల్లకేసి రెండుసార్లు కొట్టాడు.

కాటా డాక్టరమ్మని వెంటబెట్టుకుని వచ్చి వెయింగ్ మిషన్ గది మధ్యన పెట్టాడు. తను ఎక్కి చూసుకున్నాడు, తర్వాత రాయి పట్టుకుని ఎక్కాడు. తేడా సరిగ్గా కిలో వచ్చిందని తృప్తి పడ్డాడు.

"ఇదేం కిరాణా కొట్టు కాదండీ," అన్నాడు ఈల సారు.

"తెలుసు సార్. కిరాణా కొట్లో అయితే తూకం తప్పని ఒప్పుకోవడానికి ఇంతసేపు పట్టదు."

మెత్తల సంగతీ, మైనస్ సంగతీ, డెబ్బై ఒక్క కిలోల సంగతీ కాటా చెప్పాడు. ఈల సారు చేతులు కట్టుకుని విన్నాడు. కట్టుకథ బాగుందన్నాడు. ఐదూ యాభై రెండుకి మీరెక్కడున్నారని కాటా అడగ్గానే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. తనని అనుమానించే ధైర్యం ఎవరికీ ఉండకూడదని క్లిప్పు తీసి తన వేలికే తగిలించుకుని, అంకె అందరికీ కనిపించేలా ఫోన్ బల్ల మీద నిలబెట్టాడు. తొంభై రెండు.

"ఇప్పుడడగండి."

"సామాన్ల గదికి ఎన్నింటికెళ్లారు?"

"ఆరింటికి. నోటీసు అంటించి వచ్చేశాను."

"నోటీసు మీద ఐదూ యాభై అని ఉందే?"

"పోటీకి నలభై నిమిషాల ముందు అంటించాలని రూలు. అందుకని అలా రాశాను."

"అంటే అంటించింది ఒకప్పుడు, రాసింది ఇంకొకప్పుడు. రెంట్లో ఒకటి అబద్ధం కదా సార్."

"రూలు అబద్ధం ఎలా అవుతుంది?"

"మెత్తలు ముట్టుకున్నారా?"

"లేదు."

"మీ బరువెంత?"

"అరవై ఆరు."

అన్నిటికీ తొంభై రెండే. ఒక్క అంకె అటు కదల్లేదు, ఇటు కదల్లేదు. నిజం చెప్పేవాడి నాడి ఇలా ఉంటుందని ఈల సారు పెద్దగా నవ్వాడు. నవ్వినా తొంభై రెండే. అందరూ ఆయన మొహం చూస్తుంటే మేనకోడలు ఒక్కతే ఆ అంకె వైపు కళ్లార్పకుండా చూస్తోంది. ఆమె నుదుటి మీద ముడత పడింది.

తూకాలు మొదలయ్యాయి. బరువు దగ్గర మనుషులంత అబద్ధాలకోర్లు ఇంకెక్కడా దొరకరు. నలభై ఏడు అని చెప్పిన డాక్టరమ్మ నలభై తొమ్మిదిన్నర తూగి, జేబులో స్టెతస్కోపు ఉందంది. డెబ్బై లోపే అని చెప్పిన కోచ్ కళ్లు మూసుకుని మిషన్ ఎక్కాడు. డెబ్బై ఒక్క కిలోల ఎనిమిది వందల గ్రాములు. మధ్యాహ్నం భోజనం తీసేస్తే సరిగ్గా మెత్త చెప్పిన బరువే. ఐదూ యాభై రెండుకి ఎక్కడున్నావంటే ట్రాక్ మీద గుర్తులు పెడుతున్నానన్నాడు. చూసినవాళ్లెవరూ లేరు. ఈల సారు మిషన్ ఎక్కనన్నాడు, ఎక్కించడానికి కాటాకి అధికారం లేదన్నాడు. అది నిజమే.

"మీ మిషన్ మీ మనిషినే పట్టించింది," అన్నాడు ఈల సారు. "ఇతనే మెత్తలు పాడుచేసి, పట్టుబడితే మెత్తల తప్పని చెప్పొచ్చని ఎత్తు వేశాడు. రిపోర్టులో ఈ పేరు కూడా చేరుస్తాను."

 మేనకోడలు మొట్టమొదటిసారి కళ్లు తుడుచుకుంది. తన జట్టు పోయినందుకు కాదు, తన మూలాన కోచ్ కూడా మునిగిపోతున్నందుకు.  వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టుంది కాటా పని. గోడ గడియారం నాలుగూ పదమూడు.

ఆయన మళ్లీ సామాన్ల గదిలోకి వెళ్లి బొమ్మ ముందు కూర్చున్నాడు. వెనకాలే మేనకోడలు, డాక్టరమ్మ, కోచ్ వచ్చారు. మీట నొక్కగానే సున్నా పడుతుందా అని అడిగాడు. పడదంది డాక్టరమ్మ. మెత్తల మీద బరువు పది సెకన్ల పాటు ఏమాత్రం కదలకుండా ఉండాలి, కాస్త కదిలినా పెట్టె ఒప్పుకోదు.

"ఈ చుక్క దేనిదయ్యుంటుంది?"

"సన్నటిదేదో. చిన్న రాయో, మేకు తలో. దాని మీద నిలబడితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు."

పది సెకన్లు కదలకుండా. కాటా లేచి కోచ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి కుడి మేజోడు విప్పించాడు. మడమ శుభ్రంగా ఉంది. పెన్సిల్ మొనతో మెల్లగా తాకాడో లేదో, కోచ్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఆయనకి చక్కిలిగిలి కూడా జాస్తి. ఈ మనిషి మేకు మీద పది సెకన్లు కాదు, పరుపు మీద కూడా నిలబడలేడని తేలిపోయింది.

"అమ్మాయ్, ఇలాంటి దాని మీద నొప్పి తెలియకుండా నిలబడగలిగేవాళ్లు ఎవరుంటారు?" అని అడిగాడు కాటా.

 "మా వార్డంతా వాళ్లే మామయ్యా," అంది మేనకోడలు. "షుగర్ ముదిరితే ముందు పాదాలు మొద్దుబారతాయి. కొందరికి గుండెకి వెళ్లే నరాలు కూడా దెబ్బతింటాయి. మనకి ఊపిరి పీల్చినా వదిలినా నాడి కాస్త అటూ ఇటూ అవుతుంది. వాళ్లకి నవ్వినా కోప్పడినా ఒకే అంకె మీద ఉండిపోతుంది."

తొంభై రెండు. గదిలో నలుగురికీ ఒకేసారి ఆ అంకె కళ్లముందు నిలిచింది.

కాటా నోటీసు బోర్డు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లాడు. ఈల సారు అంటించిన నోటీసులు బోర్డు మీద పదకొండున్నాయి. ప్రతిదానికీ నాలుగు మూలలా నాలుగు పిన్నులు, కొలిచి గుచ్చినట్టు. ఈ పొద్దుటిదానికి మాత్రం మూడే. నాలుగో మూల గాలికి ఊగుతోంది. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, మేజోళ్లతో నోటీసు అంటిస్తుండగా ఒక పిన్ను జారి కింద పడి ఉండాలి. అది ఎక్కడుందో ఇప్పుడు కాటాకి తెలుసు. పొద్దుటి నుంచి ఎవరి బూట్లో తిరుగుతోందో కూడా తెలుసు.

నాలుగూ ముప్పై ఒకటికి నలుగురూ పక్క గదిలోకి వెళ్లారు. ఈల సారు కోచ్ పేరు రిపోర్టులో అందంగా రాసుకుంటున్నాడు. కాటా చెప్పిందంతా తల ఎత్తకుండానే విన్నాడు.

"నా మడమలో పిన్నుందా," అన్నాడు. "నా కాల్లో పిన్ను గుచ్చుకుంటే నాకు తెలియదా?"

"అదే సార్ మేం అడుగుతున్నది."

మేనకోడలు ముందుకొచ్చి, ఒక్కసారి కుడికాలు చూపించండి సార్ అని మామూలు గొంతుతో అడిగింది. వార్డులో రోజుకి నలభై మందిని అడిగే గొంతు అది. ఈల సారుకి అదీ పంతంగానే తోచింది. సరే, అందరి నోళ్లూ ఒకేసారి మూయిస్తానని బూటు విప్పి, కాలు ఎత్తి ఎదురు కుర్చీ మీద పెట్టాడు. తను తన కాలు చూసుకోలేదు. ఓడిపోయిన మొహాలు చూద్దామని వాళ్ల మొహాలు చూశాడు.

 ఊదారంగు మేజోడు మడమ దగ్గర గుండ్రటి ఇత్తడి తల ఒకటి మెరుస్తోంది. చుట్టూ తడి ఆరి అట్టకట్టింది.

"ఏముంది?" అన్నాడు ఈల సారు. ఆ గొంతులో పొద్దుటి నుంచీ లేనిదేదో ఉంది.

మేనకోడలు అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని కత్తెరతో మేజోడు కోస్తోంది.  గడియారం నాలుగూ ముప్పై ఎనిమిది. ముందు సంతకం పెట్టించమని, కాలు ఎక్కడికీ పోదని కాటా ఆమె చెవిలో గొణిగాడు.

"పోతుంది మామయ్యా," అంది ఆ పిల్ల, తల తిప్పకుండా. "కాసేపు ఆగు."

పిన్ను ఇవాళ్టిదే. కానీ బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత నల్లటి పుండు ఇంకొకటి బయటపడింది. డాక్టరమ్మ వంగి చూసి, వాసన చూసి, పుండు నుంచి పైకి పాకిన ఎరుపుని వేలితో కొలిచింది. ఇవాళే ఆపరేషన్ గదికి వెళ్లాలని, రేపంటే పాదం మీద హామీ ఇవ్వలేనని చెప్పింది.

"ఎన్నాళ్లుగా కాళ్లు తెలియడం లేదు సార్?" అని అడిగింది మేనకోడలు.

ఈల సారు చాలాసేపు ఆ పిన్ను వంక చూశాడు. "ఏడాది దాటింది," అన్నాడు. షుగర్ తొమ్మిదేళ్లుగా ఉందట. ఆఫీసులో తెలిస్తే మైదానం డ్యూటీ తీసేసి కుర్చీలో కూర్చోబెడతారని ఎవరికీ చెప్పలేదట. ఇంట్లోవాళ్లకి కూడా. ఆ మాట చెప్పాక ఆయన ఒక్కసారిగా చిన్నబోయాడు. కాటాకి జాలేసింది, జాలేసినందుకు తన మీద తనకే చిరాకేసింది.

అడగకుండానే కాగితం తీసుకున్నది ఈల సారే. కాలు మేనకోడలి చేతిలో ఉండగా, బల్ల అందక కోచ్ వీపు మీద కాగితం ఆనించి రాశాడు. ఐదూ యాభై రెండుకి తను మెత్తలు నేల మీద పరిచి వాటి మీద నిలబడ్డానని, తనంతట తను పరీక్షించనిదే ఏ సామాను మీదా సంతకం పెట్టని అలవాటు వల్ల అలా చేశానని, మీట నొక్కింది తనేనని, క్రీడాకారిణి దోషం లేదని, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రాశాడు.

"పరీక్షించడం సరే, మీట ఎందుకు నొక్కారు సార్?" అన్నాడు కాటా.

ఈల సారు కలం మూతపెట్టి తీశాడు, మళ్లీ పెట్టాడు. "అద్దం మీద డెబ్బై ఒకటి అని కనిపించింది. నేను అందరికీ అరవై ఆరు అని చెబుతాను. ఎవరైనా చూస్తారేమోనని చెరిపేశాను. ఉన్నది ఒకటే మీట."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. కాటా నవ్వలేదు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో తూకం మోసాలు వందరకాలు చూశాడు, తన బరువు తనే దొంగిలించిన మనిషిని మాత్రం చూడలేదు.

నాలుగూ యాభై నాలుగు. కాగితం క్రీడాకారిణే స్వయంగా ఆఫీసులో ఇవ్వాలని రూలు. ఆఫీసు మైదానానికి అవతలి కొసన, ట్రాక్ చుట్టి వెళ్తే ఎనిమిది వందల మీటర్లు. మేనకోడలు మాత్రం ఆదరాబాదరా లేకుండా కట్టు చివర ముడి వేస్తోంది. ఈల సారే ఆమె చేతుల్లోంచి కట్టు లాగేసుకుని కాగితం పెట్టాడు.

"వెళ్లండి సిస్టర్. నేనూ ఎక్కడికీ పోనులెండి."

ఆ కాలు నేల మీద పెట్టడానికి వీల్లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కారు దాకా మోయడానికి స్ట్రెచర్ లేదు. చివరికి కోచ్ వంగి ఆయన్ని వీపు మీదికి ఎక్కించుకున్నాడు. అరగంట క్రితం తన పేరు రిపోర్టులో రాస్తున్న మనిషిని మోస్తున్నాడు, అదీ దడ పడకుండా. కాటా మనసులో రెండు బరువులూ కూడుకున్నాడు. నూట నలభై మూడు కిలోలు.

గుమ్మం దాటి కంచె దగ్గరికి వచ్చేసరికి మేనకోడలు మొదటి మలుపులో ఉంది. నడుస్తోంది. ఇప్పుడు ఆమె నడుముకి పెట్టె లేదు, బూట్లో మెత్తల్లేవు, పరుగెత్తినా అడిగే నాథుడు లేడు. అయినా నడుస్తోంది. నడుం అటూ ఇటూ తిప్పుతూ, మోచేతులు కత్తెరలా ఆడిస్తూ, కాగితం పిడికిట్లో పట్టుకుని. ఎనిమిదేళ్లుగా ఆ కాళ్లకి తొందరంటే అదే.

"పరుగెత్తమ్మా," అని కాటా కంచె పట్టుకుని అరిచాడు.  "పరుగెత్తు, ఎవరూ చూడట్లేదు."

"నేను చూస్తున్నాను," అన్నాడు ఈల సారు. కోచ్ భుజం తట్టి ఆగమన్నాడు. డాక్టరమ్మ కారు స్టార్ట్ చేసి హారన్ కొడుతోంది. ఆయన వినిపించుకోలేదు. మెడ ముందుకు సాచి, ఆ రెండు పాదాల మీంచి చూపు తిప్పకుండా, పెదాలతో లెక్కపెడుతున్నాడు.

రెండో మలుపు. అవతలి గట్టు. ఆఫీసు మెట్లు. తలుపు తోసుకుని ఆమె లోపలికి వెళ్లేసరికి కాటా వాచీలో నాలుగూ యాభై ఎనిమిదిన్నర.

ఈల సారు అప్పుడు ఊపిరి వదిలాడు.

"రెండు కాళ్లూ ఒక్కసారి కూడా లేవలేదు," అన్నాడు. "రాసుకోండి కాటా గారూ. నా కళ్లతో నేను చూశాను."